నీళ్ల వంతు

పోయిన ఏడాది శ్రావణంలో మా మేనత్త ఫోన్ చేసి ఒక మాట అడిగింది. "ఈసారి తీజ్‌కు నీ బిడ్డను తొమ్మిది రోజులు తండాల ఉంచుతవా?" నేనప్పుడు ఆఫీసు మీటింగులో ఉన్నాను. మైకు మ్యూట్ చేసి, "స్కూల్ల పరీక్షలున్నయి అత్తా. శనివారం, ఆదివారం తీసుకొస్త" అన్నాను. అత్త కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మా గోర్ బోలీలో ఒక మాటంది. తెలుగులో చెప్తే ఇట్లా ఉంటుంది: "వారంల రెండు దినాలు నీళ్లు పోస్తే మొలకలొస్తయా బిడ్డా?"

ఏడాదిగా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

తీజ్ తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. శ్రావణంలో లంబాడీ తండాల్లో పెళ్లికాని అమ్మాయిలు బుట్టల్లో పుట్టమన్ను, ఎరువు నింపి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పూటపూటకూ నీళ్లు తెచ్చి పోస్తారు. రాత్రుళ్లు బుట్టల చుట్టూ పాడుతూ ఆడతారు. ఆఖరి రోజు మొలకల్ని చెరువులోనో బావిలోనో కలుపుతారు. పెద్ద గుడి అక్కర్లేదు, ఖర్చూ పెద్దగా ఉండదు. కావాల్సిందల్లా తొమ్మిది రోజులూ అక్కడే ఉండే మనుషులు. ఇప్పుడు దొరకనిది కూడా అదే.

పోయినేడు మా తండాలో నాలుగే బుట్టలు. అమ్మాయిల్లో కొందరు గురుకులం హాస్టళ్లలో ఉన్నారు, కొందరు మా అమ్మాయిలాగా అపార్ట్‌మెంట్లలో ఉన్నారు. మనవరాలి పేరు మీద ఒక బుట్టకు మా అమ్మే నీళ్లు పోసింది. పెళ్లికాని పిల్ల పొయ్యాల్సిన నీళ్లు అరవై దాటిన మనిషి పోసింది. మేం శనివారం కారులో పోయాం. మొలకల పక్కన బిడ్డను నిలబెట్టి ఫోటో తీసి, "మా మూలాలు" అని రాసి స్టేటస్ పెట్టాను. చాలామంది చప్పట్లు కొట్టారు. ఆదివారం సాయంత్రానికి వెనక్కి వచ్చేశాం.

మా తండా శంషాబాద్ నుంచి మహేశ్వరం వైపు పోయే దారిలో ఉంటుంది. 2008 మార్చిలో ఎయిర్‌పోర్ట్ మొదలైంది. దాదాపు 5,500 ఎకరాల్లో కట్టారు. తర్వాత ఓఆర్ఆర్ వచ్చి గచ్చిబౌలి దగ్గరైంది. దాని పుణ్యమా అని నేను తండా నుంచి కూడా ఆఫీసుకు పోయి రాగలను. దూరం సమస్య కానే కాదు. మొలకలు కలిపే బావి ఇప్పుడొక వెంచర్ ప్రహరీ లోపలికి పోయింది. ఆఖరి రోజు వాచ్‌మన్‌ను బతిమాలుకుని లోపలికి పోవాలి. ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనుల భూములకు అడ్డంగా నిలబడే 1970 నాటి ఒకటి బై డెబ్బై చట్టం ఇక్కడ లేదు. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు.

మా అన్న కొడుకు ఎయిర్‌పోర్ట్ కార్గోలో పనిచేస్తాడు. మందుల పెట్టెలు ఎత్తుతాడు. వాడిని చూస్తే నాకు నవ్వూ వస్తుంది, ఇంకేదో కూడా వస్తుంది. మావాళ్లు కొన్ని వందల ఏళ్లు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కన్ అంతా తిరిగారు. మొఘల్ సైన్యాల వెంట తిండిగింజలు మోసింది వాళ్లే. రైళ్లు వచ్చాక ఆ బతుకు పోయింది. ఇంగ్లీషువాళ్లు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చాక, తిరిగే మనిషంటేనే అనుమానించే కాలమొచ్చింది. అట్లా ఆగిపోయినవాళ్ల మనవడు మళ్లీ సరుకే ఎత్తుతున్నాడు. కాకపోతే తను మాత్రం ఎక్కడికీ పోడు.

ఇక నా సంగతి. "ఉద్యోగాన్నీ ఊరినీ బ్యాలెన్స్ చేసుకోవాలి" అని నేను పదేళ్లుగా చెప్తున్నాను. కొలీగ్స్ మెచ్చుకునేవాళ్లు కూడా. అత్త ప్రశ్న తర్వాత ఆ మాటనే అనుమానించడం మొదలుపెట్టాను. తక్కెడలో రెండు వైపులా ఒకే రకమైన బరువులు ఉండాలి. ఉద్యోగం వైపు జీతం, లోను, ప్రమోషన్ ఉన్నాయి. తండా వైపు ఏం పెట్టాలి? జ్ఞాపకాలా? నాలుగు పాటలా? తూకం వేసిన ప్రతిసారీ ఒకే వైపు మొగ్గింది. ఎందుకంటే తక్కెడ పట్టుకున్నదీ నేనే, రాళ్లు వేసిందీ నేనే.

పోనీ దీన్ని అప్పు అనుకుందామా? అందులో నిజముంది. ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు ఎస్టీలుగా ఉన్నా తెలంగాణలో లంబాడీలు 1976 సవరణ చట్టంతోనే ఎస్టీలయ్యారు. మా తాతకు ఆ అవకాశం లేదు. నాకు ఇంజనీరింగ్ సీటు వచ్చింది. నా మార్కులు నావే. కానీ ఆ తలుపు తెరిచింది నా ఒక్కడి కోసం కాదు, తండాల కోసం. అయితే అప్పు అనే మాటలో ఒక సౌకర్యముంది. అప్పు తీర్చేయొచ్చు. తండాలో బోరు వేయించి, ఇద్దరు పిల్లల ఫీజులు కట్టి, చేతులు దులుపుకోవచ్చు. నేను ఆ రెండూ చేశాను. చేతులు దులుపుకున్నాను కూడా.

మరి వారసత్వం? ఆఫీసులో ఒకసారి ఒక ఫారం వచ్చింది. మీరు ఇండిజినస్ వర్గానికి చెందినవారా అని అడిగింది. అవును అని టిక్ పెట్టాను. పక్కనున్న మిత్రుడు ఆదిలాబాద్ గోండు. నవ్వుతూనే, "అన్నా, మీరు మాకన్నా వెనక వచ్చినోళ్లు కదా" అన్నాడు. 2017లో ఆదివాసీలకూ లంబాడీలకూ మధ్య ఎంత గొడవ జరిగిందో ఇద్దరికీ తెలుసు. నేను వాదించలేదు. నిజమే, మేం ఈ నేలకు ఎద్దులతో నడిచొచ్చినవాళ్లం. మహారాష్ట్రలో మావాళ్లు విముక్త జాతి, కర్ణాటకలో ఎస్సీ, ఇక్కడ ఎస్టీ. మా భాషకు సొంత లిపి లేదు. 2011 జనగణనలో దాన్ని హిందీ కింద లెక్కేశారు. ఎవరు ముందొచ్చారు అన్న లెక్కతో మాకు ఏ మూలాలూ దొరకవు. మాకున్నది వెంట మోసుకొచ్చింది మాత్రమే. మోసుకొచ్చినదాన్ని ఎవరో ఒకరు మొయ్యకపోతే అది అక్కడే ఆగిపోతుంది.

ఇది ఆలోచిస్తున్న రోజుల్లోనే ఒక అర్ధరాత్రి రెండింటికి నా ఫోన్ మోగింది. ఆ వారం ఆన్‌కాల్ నాది. సర్వర్ పడిపోయింది. లేచి, ముఖం కడుక్కుని, లాప్‌టాప్ తెరిచాను. ఆ సర్వర్ మీద నాకేం ప్రేమ లేదు. అది నా మూలాలూ కాదు. అయినా లేచాను. ఎందుకంటే ఆ వారం వంతు నాది. పోయిన వారం ఇంకొకరు లేచారు, వచ్చే వారం మరొకరు లేస్తారు. "ఈ రాత్రి నా నిద్రకూ సర్వర్‌కూ బ్యాలెన్స్ కుదరడం లేదు" అని నేనెప్పుడూ అనలేదు.

వంతు. ఈ మాట మన పొలాల్లోదే. చెరువు కింద సాగుచేసేవాళ్లకు నీళ్ల వంతు ఉంటుంది. తెలుగులో వంతు అంటే వాటా, వంతు అంటే టర్న్ కూడా. నాకు వచ్చేదానికీ నేను చెయ్యాల్సినదానికీ ఒకే మాట. ఫ్రెంచ్ తత్వవేత్త సిమోన్ వే 1943లో లండన్‌లో ఉండి, వేళ్లూనుకోవడం గురించి రాస్తూ హక్కుల కన్నా బాధ్యతలు ముందని వాదించింది. చదివినప్పుడు బాగుందనుకుని పక్కన పెట్టాను. మా అత్త ఆ సంగతే గోధుమ మొలకలతో అడిగింది. అప్పు తీరిపోతుంది. తక్కెడను ఎటైనా వంచుకోవచ్చు. వంతు అట్లా కాదు, తీరదు, మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడు మనిషి అక్కడ ఉండాలి.

ఇక్కడిదాకా వచ్చి చాలా తృప్తిగా అనిపించింది. మా ఆవిడకు చెప్పాను. ఆమె వినేసి, "వంతు నీది. నీళ్లు పొయ్యాల్సింది మాత్రం అమ్మాయా?" అంది.

దెబ్బ గట్టిగానే తగిలింది. నిజమే కదా. ఊరు విడిచి వచ్చిన మగవాళ్లం ఊరి గురించి బెంగపడతాం, వ్యాసాలు రాస్తాం. ఆ ఊరిని నిలబెట్టే పని మాత్రం అమ్మల మీదా అమ్మాయిల మీదా ఉంటుంది. ఫేట్యా, కాంచళీ వేసుకోవాల్సింది వాళ్లు. ఉపవాసాలు వాళ్లవి, పాటలు వాళ్లవి. రమేశ్ కార్తీక్ నాయక్ కథల పుస్తకం 'ఢావ్లో'కు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చినప్పుడు నేను పొంగిపోయి పదిమందికి పంచాను. ఢావ్లో అంటే దుఃఖపు పాట. ఆ పాటలు మా అమ్మకు వచ్చు. నాకు ఒక్కటీ రాదు. నేనెప్పుడూ పక్కన కూర్చుని నేర్చుకోలేదు. బిడ్డ తొమ్మిది రోజులతో నా వంతు తీర్చుకుందామనుకోవడం అన్యాయం. పోయినేడు మా అమ్మ చేత తీర్పించుకున్నదీ అదే.

అందుకని ఈసారి ముందు అమ్మాయినే అడిగాను. రాకపోయినా పర్వాలేదని చెప్పి మరీ అడిగాను. ఆలోచించి, "నేనుంటా. నువ్వేం చేస్తావ్ నాన్నా?" అంది. జవాబు కోసం అత్తకు ఫోన్ చేశాను. అత్త దగ్గర జాబితా సిద్ధంగా ఉంది. పుట్టమన్ను తేవాలి. హాస్టల్ పిల్లల ఇళ్లవాళ్లతో మాట్లాడి, ప్రిన్సిపాళ్లను పర్మిషన్ అడిగి, పిల్లల్ని తెచ్చి మళ్లీ దింపాలి. వెంచర్ వాళ్లతో బావి గురించి వాచ్‌మన్ స్థాయిలో కాకుండా కాగితం మీద మాట్లాడాలి. అమ్మ పాటలు పాడేటప్పుడు పక్కన కూర్చోవాలి. రికార్డు చేసుకుంటానన్నాను. "ముందు నేర్చుకో" అంది.

ఇదంతా ఊరికే రాదు. తొమ్మిది రోజుల సెలవు పెట్టాను. ఆ రోజుల్లోనే మా టీమ్‌కు పెద్ద రిలీజ్ ఉంది. దాన్ని నడిపించే పని నాకు రావాల్సింది, ఇంకొకరికి పోయింది. వచ్చే ఏడు ప్రమోషన్ మాటల్లో అది లెక్కలోకి వస్తుంది. బాధ లేదని అబద్ధం చెప్పను. కానీ ధర కట్టని వంతు వంతు కాదని ఇప్పుడు తెలుస్తోంది. పోయినేడు నేను ఏమీ ఖర్చుపెట్టలేదు. నాకు మిగిలింది ఒక ఫోటో.

రేపు శ్రావణం నాటికి ఎన్ని బుట్టలవుతాయో తెలియదు. అత్త లెక్క ప్రకారం ఏడు. ఆన్‌కాల్ క్యాలెండర్‌లో ఆ వారాన్ని ఒక మిత్రుడితో మార్చుకున్నాను. వెంటనే ఒప్పుకున్నాడు. బదులుగా సంక్రాంతి వారం నన్ను చూసుకోమన్నాడు. వాళ్లూరు భీమవరం దగ్గర. సరేనన్నాను. అది అతని ఊరి వంతు.