బిడ్డ కాయము ఎవరి కాయకము?

శరీరము నశ్వరమని పెద్దలు చెప్పుదురు. ఆ శరీరమునే దేవాలయముగా భావింపుమని బసవేశ్వరుని మార్గము బోధించుచున్నది. ఈ రెండును పరస్పర విరుద్ధములు కావు. నశించునదే అయినను, ఇష్టలింగమును ధరించు ఉరము, పూజావేళ దానిని నిలుపు కరపీఠము ఈ దేహముననే కలవు. కావున దేహరక్షణము భోగము కాదు, వ్రతాంగము. అయితే తన దేహమును కాపాడుకొను తెలివి ఇంకను రాని బిడ్డ స్థూలకాయుడైనచో దోషమెవరిది? బాధ్యత ఎవరిది? ఇది వైద్యులకే విడిచిపెట్టదగిన ప్రశ్న కాదు, ధర్మప్రశ్న.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2022లో 5 నుండి 19 ఏండ్ల వయసువారిలో 39 కోట్లకు పైగా అధిక బరువు కలవారు. వారిలో 16 కోట్ల మంది స్థూలకాయులు. మన ఇండ్లలో బొద్దుగా నున్న బిడ్డను చూచి మురియుట వాడుక. కాని గుండెజబ్బు నడివయసున బయటపడినను దాని బీజము బాల్యముననే పడును. అమెరికాలోని బొగలూసా పట్టణమున 1970వ దశకములో ఆరంభమైన పరిశోధన ఈ సంగతిని వెల్లడించినది. పసివయసుననే రక్తనాళముల గోడలపై కొవ్వు చారలు ఏర్పడుననియు, బరువు, రక్తపోటు, రక్తములోని కొవ్వు హెచ్చిన కొలది అవియు హెచ్చుననియు తేలినది.

స్థూలకాయమున గుండె ఎక్కువ రక్తమును తోడవలసి వచ్చును. నాళముల లోపలి పొర అవసరమునకు తగినట్లు సడలు గుణమును కోల్పోవును. నిత్యము చెమటపట్ట ఆడుకొను బిడ్డకు, త్రాసులో బరువు అంతగా తగ్గకపోయినను, ఆ గుణము తిరిగి రాగలదు. రక్తపోటు దిగగలదు. ఇన్సులిన్ చక్కగా పనిచేయగలదు. కావున వ్యాయామఫలమును త్రాసుతో మాత్రమే కొలుచుట పొరపాటు.

కాయకమునకును గుండెకును గల సంబంధమును లండన్ నగరపు బస్సులు చూపినవి. 1953లో ప్రకటితమైన పరిశోధనలో, దినమంతయు రెండంతస్తుల బస్సు మెట్లెక్కి దిగు కండక్టర్లకు, కూర్చుండి బస్సు నడుపు డ్రైవర్లకంటె గుండెజబ్బు తక్కువగా కనబడినది. మన శరణులలో మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. వారికి వేరుగా వ్యాయామమెందులకు? నేటి బాలుని కాయకము చదువు. అది కూర్చుండి చేయునది. పనిలో లేని చెమటను ఆటలో సమకూర్చవలసి వచ్చినది.

కాయకము పరులకొరకు, వ్యాయామము తనకొరకు కదా, రెండింటిని ఒకటిగా చెప్పుట ఎట్లని కొందరడుగవచ్చును. పడవకు పడిన చిల్లును పూడ్చుకొనుట అంబిగరి కాయకములో భాగము కాదా? పడవ మునిగిన పిదప ఆవలి ఒడ్డునకు ఎవరిని చేర్చగలడు?

ఇక బాధ్యత మాట. ఆయ్దక్కి మారయ్య నాటి అవసరమునకు మించి బియ్యము ఏరి తెచ్చినపుడు, మిగులును తిరిగి అక్కడనే పోసి రమ్మని లక్కమ్మ పలికెనని శరణచరిత్ర. ఆమె హద్దు చెప్పినది ఇంటి పెద్దకు. మనమో, ఇంటినిండ తీపి వంటలు, నూనె పిండివంటలు పెట్టుకొని, బిడ్డను మాత్రము నిగ్రహింపుమందుము. ఇది న్యాయమా? స్థూలకాయమునకు వంశపు తత్త్వము, గ్రంథుల లోపము, ఆటస్థలము లేని ఊరు కూడ కారణములు కావచ్చును. దోషము వేరు, బాధ్యత వేరు. దోషము తల్లిదండ్రులది కాకపోయినను బాధ్యత వారిదే. బిడ్డను పేరుపెట్టి గేలిచేయుట దిద్దుట కాదు, హింస. గేలికి జడిసిన బిడ్డ ఆటస్థలమునకే రాడు. అట్లు ఆ మాట గుండెకు సైతము కీడు చేయును.

5 నుండి 17 ఏండ్ల వారికి దినమునకు సగటున 60 నిమిషముల చురుకైన కదలిక ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. తొలినాడే అంత పట్టుపట్టరాదు. పది నిమిషముల నడకతో ఆరంభించి క్రమముగ పెంచవలెను. త్రాడాట, ఈత, కబడ్డీ, ఏదైనను బిడ్డకు ఇష్టమైనది కావలెను. ఆడునపుడు గుండెలో నొప్పి, సొమ్మసిల్లుట, మితిమీరిన ఆయాసము కనబడినచో ఆపి వైద్యునికి చూపవలెను. ఎదుగు బిడ్డను పస్తులుంచరాదు. అన్నిటికంటె మేలు, తండ్రియో తల్లియో తామును వెంట నడచుట.

తుమకూరు సిద్ధగంగా మఠము అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమునకు ప్రసిద్ధి. పిల్లలకు అన్నము పెట్టు ప్రతి మఠమును, ప్రతి గృహమును, సాయంకాలమున ఒక గంట ఆటను కూడ దాసోహముగా నెంచిన బాగుండును. పెట్టిన అన్నము బిడ్డకు బరువుగా మిగులక బలముగా మారినపుడే ఆ దాసోహము పూర్ణమగును.