పచ్చ వస్త్రపు ఆదివారాలు

గుంటూరు ప్రాంతంలోని ఒక మిషన్ బోర్డింగులో నేను ఆరో తరగతిలో చేరాను. రేకు పెట్టె, దుప్పటి, బైబిలు, పాటల పుస్తకం: అమ్మ సర్దిచ్చినవి అవే. మొదటి రోజు సాయంకాల ప్రార్థనలో పిల్లలందరూ 121వ కీర్తన పుస్తకం చూడకుండా చెప్పారు. నాకు రాదు. ఏడుపు ఆపుకుంటూ పెదవులు మాత్రం కదిపాను. పక్కన కూర్చున్న పదో తరగతి అన్న అది గమనించి, తన బైబిలు తెరిచి నా ఒళ్ళో పెట్టి, ఒక్కో మాట కింద వేలు జరుపుతూ చివరిదాకా చూపించాడు.

బడికి జూన్‌లో సంవత్సరం మొదలవుతుంది. సంఘానికి ఆగమన కాలంతో, అంటే నవంబరు 27కీ డిసెంబరు 3కీ నడుమ వచ్చే ఆదివారంతో మొదలవుతుంది. జూన్ రెండో వారంలో పిల్లవాడు పెట్టె మోసుకుంటూ గేటు దాటేసరికి ఈస్టరు ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుంది. పెంతెకొస్తు కూడా చాలా ఏళ్ళలో అప్పటికే దాటిపోతుంది. ఇక వాడి ముందున్నవి త్రిత్వ ఆదివారం తరువాత వచ్చే ఆదివారాలు. ఈస్టరు బాగా ముందొచ్చిన ఏడు అవి 27 దాకా ఉంటాయి, బాగా ఆలస్యమైతే 22. వాటికి పేర్లు లేవు, లెక్కే ఉంది: త్రిత్వము తరువాత తొమ్మిదవ ఆదివారము, పదవ ఆదివారము. అన్ని వారాలూ బలిపీఠం మీద అదే పచ్చ వస్త్రం.

ఇల్లు వదిలి వచ్చిన పిల్లవాడి బెంగ అంతా ఆ నెలల్లోనే. సరిగ్గా అప్పుడే గుడిలో ఏ పండుగా లేదు. దేవుడు ఆ ఏర్పాటు తెలిసే చేశాడని నేను నమ్ముతాను. కొత్త బట్టలూ రంగు కాగితాలూ లేనప్పుడు మిగిలేది ప్రార్థన ఒక్కటే. ఐదింటికి గంట, చీకట్లోనే బోరింగు దగ్గర వరస, తడి తలలతోనే ఉదయకాల ప్రార్థన. సాయంత్రం స్టడీకి ముందు చాపలు పరిచి మళ్ళీ ప్రార్థన. శనివారం కంఠత వాక్యం అప్పజెప్పాలి. ఆ నెలల్లో ఒక్క తేదీ మాత్రం మాకు ప్రత్యేకం: జులై 31. 1842లో ఆ రోజున లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరారు. వేల మైళ్ళ దూరం నుంచి వచ్చిన ఆయనకు కూడా ఇంటి మీద బెంగ ఉండే ఉంటుందని వార్డెన్ అయ్యగారు చెబితే, మా చిన్నపిల్లల వరస అంతా తలలెత్తి విన్నది.

పాటల సంగతి కూడా చెప్పాలి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటి భక్తులు రాసిన ఆ కీర్తనలు కర్ణాటక సంగీతపు దారిలో నడుస్తాయి. మాకు రాగాల పేర్లు తెలియవు. హార్మోనియం అయ్యగారు ఒకసారి పాడితే అందుకునేవాళ్ళం. అర్థం తరువాత ఎప్పుడో అందింది, కొన్నిటికైతే నలభై ఏళ్ళు దాటాక.

డిసెంబరు చెప్పనక్కరలేదు. నక్షత్రం కట్టడం, సెమీ క్రిస్మస్ నాటిక, గొర్రెల కాపరి వేషానికి పోటీ, ఆపైన సెలవులకు ఊళ్ళ బస్సులు. ఆ సంతోషం అందరూ ఎరిగినదే.

శ్రమల కాలం వచ్చేసరికి పరీక్షలు దగ్గరపడేవి. బలిపీఠం మీదికి ఊదా వస్త్రం వచ్చేది. వంటమ్మ ప్రతిపూటా ఎసట్లో బియ్యం పోసేముందు దేవుడి పేర పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. మా కంచాల్లో తగ్గిందేమీ లేదు, కుండ మాత్రం నిండింది. మంచి శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటలు. ఎండకు గుడి రేకులు కాగేవి, ఐదో మాట దగ్గర దాహం మాకే తెలిసేది. ఈస్టరు వేకువన కొవ్వొత్తులతో సమాధుల తోటకు వెళ్ళేవాళ్ళం. చీకట్లో ఆ చోటికి వెళ్ళడానికి ఆ ఒక్క రోజే మాకు భయం వేసేది కాదు.

మా నాన్నగారి చివరి రోజుల్లో ఒక ఆగస్టు రాత్రి ఆసుపత్రిలో ఆయన పక్కన కూర్చున్నాను. ఏం ప్రార్థన చేయాలో తోచలేదు. అడగకుండానే 121వ కీర్తన నోటికొచ్చింది. మెల్లగా చెబుతుంటే నాన్న పెదవులు కదిలాయి. ఆయనా అటువంటి బోర్డింగులో చదివినవారే. చివరి వచనం దాకా ఇద్దరం కలిసి చెప్పాం. అది పచ్చ వస్త్రపు నెలల్లో నేర్చుకున్నది.

క్రిస్మస్‌కు బోర్డింగు పిల్లల దగ్గరికి కేకులూ దుప్పట్లూ తీసుకెళ్ళే పెద్దలు చాలామంది ఉన్నారు. వారికి వందనాలు. అయితే ఒక మనవి. ఈ ఏడు జులైలోనో ఆగస్టులోనో, ఏ పండుగా లేని ఒక సాయంత్రం వెళ్ళండి. ప్రసంగం వద్దు, ఫొటోలు వద్దు. చిన్నపిల్లల వరసలో చాప మీద కూర్చోండి. కీర్తన రాక పెదవులు మాత్రమే కదిపే బిడ్డ ఒకరు అక్కడ తప్పకుండా ఉంటారు. మీ బైబిలు వారి వైపు తిప్పి వేలు పెట్టి చూపించండి.