వరండా

మా నాయన చదివింది మూడో తరగతి, అదీ వరండాలో కూచొని. లోపల పంతులు చెప్పే ఎక్కాలు కిటికీలోంచి ఎంత వినబడితే అంతే ఆయన చదువు. 13వ ఎక్కం ఈనాటికీ తప్పు చెప్తాడు. "ఆ రోజు గాలి అటు తోలిందిరా" అని నవ్వుతాడు. ఆ నవ్వు నాకు నచ్చదు.

ఆయన కొడుకుని నేను, సర్కారు బడి పంతుల్ని. నా కొడుక్కి తొమ్మిదేళ్లు. సెరిబ్రల్ పాల్సీ. మెడ నిలవదు, మాట ముక్కలు ముక్కలుగా వస్తది, బుర్ర మాత్రం పాదరసం. మా ఊరి బడిలో చేర్చబోతే హెడ్మాస్టరు మర్యాదగానే చెప్పాడు: "మీకు తెలియందేముంది మాస్టారూ, ఇంటి దగ్గర చదివించుకునే హక్కు చట్టంలోనే ఉందిగా."

ఆయన అబద్ధమాడలా. 2009 నాటి విద్యాహక్కు చట్టానికి 2012లో సవరణ తెచ్చి, తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గర చదువు కోరుకోవచ్చన్నారు. కోరుకోవచ్చు అన్నారు. మేం కోరామా అని ఎవరడిగారు? 2016 వికలాంగుల హక్కుల చట్టం, 31వ సెక్షను, సదరం సర్టిఫికెట్టున్న నా కొడుక్కి పద్దెనిమిదేళ్లు నిండేదాకా దగ్గర్లోని బడిలో చదివే హక్కుందంటది. ఆ మాట ఆయనకు గుర్తు రాలా. రెండు తలుపులూ తీసుంటే గదా కోరుకోడం! ఒకటి మూసి, రెండోదాన్ని నీ హక్కు పో అంటే మా పల్లెలో దాన్ని వెలి అంటారు.

వాడికి ఇంట్లో చదువు లేదని కాదు. మా ఇంటామె ఇంటరు తప్పింది. చాటలో ముగ్గుపిండి పోసి, వాడి వేలు పట్టి అక్షరాలు దిద్దిస్తది. చింతగింజలతో కూడికలు నేర్పింది. నాకంటే మంచి పంతులమ్మ. నేను హక్కులని ఉపన్యాసమిస్తే ఒకటే అడిగింది: "బడిలో వాడి గుడ్డ మార్చేదెవరయ్యా? నీ సమానత్వం మారుస్తదా?" జవాబు లేదు నా దగ్గర. ఆమె తప్పు కాదు, ఆయాను పెట్టని బడిది తప్పు. అయినా తడిగుడ్డతో కూచునేది చట్టం కాదు, నా కొడుకు.

పొద్దున గంట వినబడగానే వాడు గడప వైపు తల తిప్పుతాడు. అది చూసి ఓ రోజు మా నాయన అన్నాడు: "నన్ను వరండాలోనన్నా కూచోనిచ్చార్రా."

బాబాసాహెబు చిన్నప్పుడు తన గోనెపట్టా తానే తెచ్చుకొని, విడిగా కూచొని చదివాడు. ఆ అవమానాన్ని పాతికసార్లు పిల్లలకు చెప్పుంటాను. కానీ ఆ గోనెపట్టా గది లోపలే పరిచుండేదన్న సంగతి నాయన మాటతోగానీ నా బుర్రకెక్కలా.

ఇంకోటి చెప్పకపోతే ఇదంతా దొంగ రాత అవుద్ది. రెండేళ్ల కింద యానాది కాలనీ నుంచి ఒకామె నడవలేని కూతుర్ని చంకనేసుకొని నా బడికొచ్చింది. నా తరగతిలో నలభై మంది. "ఇంటి దగ్గరే ఉంచమ్మా, చట్టం ఒప్పుకుంటది" అన్నాను. నేనే. ఆమె మారుమాట లేకుండా పోయింది.

ఆ ఇల్లెక్కడో మొన్న కనుక్కున్నాను. కాలనీ చివర్న, బోరింగు పక్కన. ముందు అక్కడికి పోవాలి. ఆ తర్వాతే మా ఊరి హెడ్మాస్టరుతో నా కొడుకు సంగతి. అంతకుముందు అడిగే మొహం నాకు లేదు.