ప్రసాదం వద్దంటే పాపమా?

తిరుమల లడ్డూలో జీడిపప్పు ఉంటుంది. జీడిపప్పు పడని పిల్లవాడి చేతిలో ఆ లడ్డూ పెట్టి, "దేవుడి ప్రసాదం, ఏమీ కాదులే" అనడం భక్తి అనిపించుకోదు. అలర్జీ ఉన్న ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ ఆ పప్పులోని ప్రొటీన్‌ను శత్రువనుకుంటుంది. నైవేద్యం పెట్టినంత మాత్రాన ఆ ప్రొటీన్ మారిపోదు. చిటికెడు తిన్నా నిమిషాల్లో దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు రావచ్చు. ఊపిరి అందకపోతే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఆలస్యం కాకూడదు.

వద్దంటే అపచారమనే వాళ్లున్నారు. రోగులకూ పసివాళ్లకూ ఉపవాసం నుంచి మినహాయింపు ఇచ్చిన సంప్రదాయమే మనది. తినకుండా ఉండే నియమంలో సడలింపు ఉన్నప్పుడు తినే నియమంలో ఎందుకుండదు? కళ్లకద్దుకుని పక్కవారికిస్తే ప్రసాదానికి వచ్చే లోటేమీ లేదు. "మా కాలంలో ఇవన్నీ ఎక్కడివి?" అనే మాటలో మాత్రం కొంత పస ఉంది: ప్రతి దురదా అలర్జీ కాదు, డాక్టరు తేల్చకుండా ఉత్త అనుమానంతో తిండి మాన్పించడమూ తప్పే. 2015లో వెలువడిన లండన్ అధ్యయనంలో, ముప్పు ఎక్కువున్న పసిపిల్లలకు తొలి ఏడాదిలోనే వేరుశనగ అలవాటు చేస్తే ఆ అలర్జీ బాగా తగ్గింది. అయితే అది నివారణ సంగతి. అలర్జీ అని తేలాక ఇంట్లో చేసి చూసే ప్రయోగం కాదు. పూజారులకూ, అమ్మమ్మలకూ, తాతయ్యలకూ ఒక్కటే మనవి: పిల్లవాడు చెయ్యి వెనక్కి తీసుకుంటే బలవంతపెట్టకండి.