ముత్యాల తలంబ్రాలు

పరిపాలకుడు దేవునికి కానుక పంపినపుడు ఇచ్చువాడెవడు? శ్రీరామనవమినాడు భద్రాచలమునకు ప్రభుత్వము పక్షమున పట్టువస్త్రములు, ముత్యాల తలంబ్రాలు వచ్చుట చూచినపుడెల్ల నాకీ ప్రశ్న తోచును.

ఈ ఆచారము గోలకొండ కడపటి సుల్తాను అబుల్ హసన్ తానాషా (1672–1687) నాటిదని ప్రతీతి. పాల్వంచ పరగణా తహశీలుదారగు కంచెర్ల గోపన్న సర్కారు శిస్తు వెచ్చించి గుడి కట్టించి చెరసాల పాలయ్యెను. రామలక్ష్మణులే వచ్చి పైకము చెల్లించిరని కథ. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో రామదాసు కీర్తన విని కన్నీరు పెట్టువారమే గాని, ఆ శిస్తు ఏ రైతుల గాదెలనుండి వచ్చినదని మనలో నెవ్వరడిగితిమి? ప్రభువునకు బాకీ తీరినది. భక్తునకు విడుదల కలిగినది. రైతు ఆ కథలోనే లేడు!

దక్షిణ అమెరికాలోని ఇంకాలు ఈ విద్యలో ఆరితేరినవారు. వారి రాజు సూర్యపుత్రుడు. భూమిలో ఒక భాగము సూర్యునిది, ఒకటి రాజుది, మిగిలినది ప్రజలది. మూడింటిని దున్నుట మాత్రము ప్రజల వంతు. పండుగలలో రాజు మొక్కజొన్న మద్యము పోయించెడివాడు. ఆ మొక్కజొన్న పండించినవారే త్రాగి ఆయనకు ఋణపడెడివారు. తమ పిల్లలను కొండశిఖరములపై బలికి సమర్పించిన వంశముల పెద్దలకు రాజానుగ్రహము లభించెడిది. 1999లో అర్జెంటీనా సరిహద్దునగల యుయైయాకో శిఖరమున అట్టి పిల్లలు ముగ్గురి దేహములు మంచులో చెడక దొరకినవి. తలంబ్రాలకు దీనితో పోలికయా యని పాఠకులు కోపింపవలదు. దారుణములో పోలిక లేదు. ఇచ్చిన పేరొకరిది, పోయిన సొమ్మొకరిది యను లెక్కలో కలదు.

తానాషా మర్యాదకొక ప్రత్యేకార్థముండెను. తనది కాని మతమునకు, అది తన ప్రజలదగుటచేత, ప్రభువు తలవంచెను. స్వమతపు పెండ్లికి ఖజానానుండి తలంబ్రాలు తెచ్చు నేటి మంత్రికి ఆ వినయమెట్లబ్బును? 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 27వ అధికరణము, ఒక మతాభివృద్ధికై ప్రత్యేకించిన పన్ను చెల్లింపుమని యెవరిని నిర్బంధింపరాదన్నది. తలంబ్రాలకు ప్రత్యేకపు పన్ను లేదు గదా యని న్యాయవాదులందురు. నిజమే. అయినను మంత్రి తన జీతమునుండి తెచ్చినచో నాకు తగవు లేదు. ఖజానానుండి తెచ్చినచో, ఇచ్చినవారు మేమని ప్రతి రైతును, ఏ మతస్థుడైనను, చెప్పుకొనవచ్చును.

ఆ పెండ్లికే మరియొక కానుకయు వచ్చును. గోదావరి తీరమున కోరుకొండ మొదలగు తావుల భక్తులు వడ్లను రోట దంచక, గింజ గింజను గోటితో ఒలిచి బియ్యము చేసి కాలినడకన భద్రాద్రికి మోసికొనిపోవుదురు. వానిని గోటి తలంబ్రాలందురు. వానికి ఏ ఖజానాలోను పద్దు లేదు.