వరంలో మాట, చట్టంలో మాట

వైశాఖ శుద్ధ చతుర్దశి సాయంత్రం నరసింహ జయంతి పూజ అయ్యాక మన పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "బ్రహ్మదేవుడు వరమిచ్చాడు కదా, మరి హిరణ్యకశిపుడు ఎలా చనిపోయాడు? అది మోసం కాదా?" మనం నవ్వి, చేతిలో పానకం గ్లాసు పెట్టి పంపేస్తాం. ప్రశ్న మాత్రం చిన్నది కాదు.

హిరణ్యకశిపుడు కోరింది చావు లేకుండా ఉండడం. అది సూటిగా దొరకదని తెలిసి మాటలతో కంచె కట్టుకున్నాడు. మనిషి వల్ల గాని మృగం వల్ల గాని, పగలు గాని రాత్రి గాని, లోపల గాని బయట గాని, నేల మీద గాని ఆకాశంలో గాని, ఆయుధంతో గాని తనకు చావు రాకూడదన్నాడు. స్వామి ఒక్క మాట కూడా దాటకుండా సంధ్యవేళ, గడప మీద, తన తొడలపై వేసుకొని గోళ్ళతో చీల్చాడు. బ్రహ్మ మాట నిలిచింది, అడిగినవాడి ఉద్దేశం గాలికి పోయింది. పోయినవాడు రాక్షసుడు కాబట్టి మనకు సంతోషమే. ఒక మంచివాడి హక్కును కూడా ఎవరైనా ఇలాగే చదివితే?

చట్టాన్ని చదివే న్యాయమూర్తులకు రోజూ ఎదురయ్యే చిక్కు ఇదే. మాటను పట్టుకోవాలా, మాట వెనక ఉన్న మనసును పట్టుకోవాలా? ఈ దేశపు సుప్రీంకోర్టు తీర్పులు రెండు మనబోటి వలసవచ్చినవాళ్ళు తెలుసుకోదగ్గవి.

మొదటిది 1892 నాటిది. న్యూయార్కులోని హోలీ ట్రినిటీ చర్చి వారు ఇంగ్లండు నుంచి ఒక మతగురువును జీతం ఒప్పుకొని పిలిపించుకున్నారు. విదేశీయులను ముందే ఒప్పందం చేసుకొని ఏ రకమైన పనికైనా సేవకైనా తీసుకురాకూడదని 1885 నాటి చట్టం. నటులకు, గాయకులకు, ఇంటి పనివారికి మినహాయింపు ఉంది గాని మతగురువులకు లేదు. మాట ప్రకారం చర్చి తప్పు చేసినట్టే. కాని కోర్టు ఏకగ్రీవంగా చర్చినే గెలిపించింది. చౌకగా దొరికే కూలీలను ఆపడానికి చేసిన చట్టం గురువుగారికి వర్తించదు, మాటలో ఉన్నంత మాత్రాన చట్టంలో ఉన్నట్టు కాదు అన్నారు. వినడానికి ఎంతో న్యాయంగా ఉంది. అయితే తీర్పు రాసిన జస్టిస్ బ్రూవర్ అంతటితో ఆగలేదు. ఇది క్రైస్తవ దేశం, మతానికి అడ్డుపడే ఉద్దేశం శాసనసభకు ఉండదు అని కూడా రాశారు. ఉదాహరణలుగా కాథలిక్కులను, బాప్టిస్టులను, యూదుల రబ్బీని చెప్పారు. ఆ వరుసలో మన అర్చకస్వామి లేరు. ఎలా ఉంటారు, వివేకానందస్వామి చికాగో రావడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది! చట్టం మనసును వెతికే న్యాయమూర్తికి అందులో తనకు తెలిసిన ముఖాలే కనిపిస్తాయి. జస్టిస్ స్కాలియా 1997లో వచ్చిన తన పుస్తకంలో ఈ తీర్పును గట్టిగా తప్పుబట్టారు. శాసనసభ ఆమోదించినవి మాటలే గాని మనసులోని కోరికలు కావన్నది ఆయన వాదం.

అయితే మాటను పట్టుకుంటే చాలా? రెండో తీర్పు చూద్దాం.

భగత్ సింగ్ థిండ్ పంజాబు నుంచి వచ్చిన సిక్కు. మొదటి ప్రపంచయుద్ధకాలంలో అమెరికా సైన్యంలో చేరి గౌరవంగా విడుదలైనవాడు. అప్పటి చట్టం "తెల్లవారికి", ఆఫ్రికా సంతతివారికి మాత్రమే పౌరసత్వం ఇవ్వవచ్చంది. 1922లో ఒజావా అనే జపాను ఆయన కేసులో, తెల్లవారంటే కాకేసియన్ జాతివారు అని సుప్రీంకోర్టు చెప్పింది. ఉత్తర భారతీయులను కాకేసియన్లుగానే లెక్కించిన పండితుల గ్రంథాలు చూపి, అయితే నేనూ ఆ మాటలో ఉన్నానని థిండ్ వాదించాడు. మూడు నెలలు దాటగానే, 1923 ఫిబ్రవరిలో, అదే న్యాయమూర్తి సదర్లాండ్ మాట మార్చారు. ఈ మాటను పండితుల అర్థంలో కాదు, సామాన్యుడి వాడుకలో చదవాలి, సామాన్యుడు హిందువును తెల్లవాడనడు అని తేల్చారు. (సిక్కు అయినా కోర్టు రాసింది హిందువనే. సదర్లాండ్ కూడా ఇంగ్లండులో పుట్టి పసితనంలో ఇక్కడికి వచ్చినవారే.) ఆ తీర్పుతో, అప్పటికే పౌరులైన ఎందరో భారతీయుల పౌరసత్వం రద్దయింది. కొందరికి దానితో పాటు భూములు కూడా పోయాయి.

మాట మాటే, మారింది దాని అర్థాన్ని ఎవరిని అడగాలన్నది. మొదట శాస్త్రాన్ని అడిగారు, అది మనవాణ్ణి లోపలికి రానిచ్చేలా ఉండేసరికి వీధిలో మనిషిని అడిగారు. మాటను పట్టుకోవడం కన్నా, మనసును పట్టుకోవడం కన్నా, కేసును బట్టి పద్ధతి మార్చడమే అసలు అన్యాయమని మా అభిప్రాయం.

మన మీమాంసకులు దీన్ని ఏనాడో పట్టించుకున్నారు. వేదవాక్యానికి అర్థం చెప్పడంలో రెండు ఆధారాలు ఢీకొంటే ఏది గెలవాలో జైమిని ముందే వరుస పెట్టాడు. శ్రుతి, లింగం, వాక్యం, ప్రకరణం, స్థానం, సమాఖ్య. పేరుపడ్డ ఉదాహరణ ఒకటుంది. ఇంద్రుడి ఋక్కుతో గార్హపత్యాగ్నిని ఉపాసించాలని విధి. మంత్రంలో ఉన్నది ఇంద్రుడి పేరు, ఆజ్ఞలో ఉన్నది అగ్ని. సూటి ఆజ్ఞ శ్రుతి, మంత్రంలోని సూచన లింగం, కాబట్టి అగ్నికే ఉపాసన. ఇంద్రుడికి కోపం వస్తుందేమోనని వరుస మార్చలేదు.

అంతమాత్రాన మనవాళ్ళకు తగవులు రాలేదని కాదు. "సపిండుడు" అన్న మాటలో పిండమంటే శరీరాంశమని మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడు, శ్రాద్ధంలో పెట్టే పిండమని బెంగాలు జీమూతవాహనుడు చెప్పారు. ఆ ఒక్క మాట మీద ఆస్తి ఎవరికి చేరాలన్నది రెండు దారులైంది. మితాక్షరను కేతన 13వ శతాబ్దంలోనే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కాని ఇద్దరూ తమ అర్థాన్ని ముందే గ్రంథంలో పెట్టారు. ఫలానావాడు వాకిట్లోకి వచ్చాక మార్చలేదు.

థిండ్ సంగతి చెప్పలేదు కదూ. మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసిన విదేశీ సైనికులకు, పౌరసత్వానికి జాతి అడ్డు లేకుండా 1935లో ఒక చట్టం వచ్చింది. దాని కింద 1936లో ఆయన పౌరుడయ్యాడు. మిగతా భారతీయులు 1946 చట్టం దాకా ఆగారు. మతగురువుల మినహాయింపును కూడా శాసనసభ 1891లోనే, ఏ మతమని అడగకుండా చట్టంలో రాసిపెట్టింది. ఈ రోజు మన అర్చకస్వాములు ఇక్కడికి వస్తున్నది బ్రూవర్ వెతికిన మనసును బట్టి కాదు, 1990 చట్టంలో మతసేవకుల కోసం రాసిన మాటలను బట్టి.