పదిలో ఎంత?

"నొప్పి పదిలో ఎంత?" అని డాక్టర్ అడగ్గానే, ఏళ్ళ తరబడి నడుం నొప్పితో బతుకుతున్న మనిషి మనసులో లెక్కలేసుకుంటాడు. తొమ్మిదంటే నాటకం అనుకుంటారేమో. నాలుగంటే పట్టించుకోరేమో. నొప్పి చెప్పడం కాదది, సాక్ష్యం చెప్పుకోవడం.

1970ల చివర్లో స్టాన్‌ఫర్డ్‌లో కేట్ లోరిగ్ కీళ్ళనొప్పుల వాళ్ళకి తరగతులు మొదలుపెట్టారు. దీర్ఘకాలిక నొప్పి తరగతులు వాటినుంచే పుట్టాయి. వారానికి రెండున్నర గంటలు, ఆరు వారాలు. నడిపేవాళ్ళు చాలాసార్లు ఆ బాధ పడుతున్నవాళ్ళే. అక్కడా ఒక అంకె అడుగుతారు. ఈ వారం ఏం చేస్తారో మీరే చెప్పాలి, మూడు రోజులు పది నిమిషాల నడక అనుకోండి. చేయగలనన్న నమ్మకం పదిలో ఎంత? ఏడుకి తగ్గితే మనిషిని తప్పుపట్టరు, ప్లాన్ మారుస్తారు.

ఇది నాకు భలే నచ్చింది. భయం కూడా వేసింది. "మీ నొప్పిని మీరే చూసుకోవాలి" అన్న మాట ఎంతదూరం పోతుంది? బట్టల షాపులో పన్నెండు గంటలు నిలబడే అమ్మాయికి ఎంత నేర్పినా తగ్గకపోతే తప్పెవరిది? కుర్చీ ఇవ్వని యజమాని ఆ తరగతికి రాడు కదా. కేరళలో షాపు ఉద్యోగులకి కూర్చునే హక్కు రావడానికి 2018లో చట్టమే మార్చాల్సొచ్చింది.

అలాగని ఆ గది వద్దనలేను. నడవలేకపోయానని ఆ అమ్మాయి చెబితే, "ఏం అడ్డొచ్చింది?" అని అడుగుతారు అక్కడ. కుర్చీ సంగతి ఆమె మొదటిసారి పైకి అనేది అక్కడేనేమో.